స్ఫటికము పలికెడు సాక్ష్యము: మాంసకృత్తుల నిర్మాణ నిర్ణయమున దోషపరీక్ష

రాజురా ప్రాంతపు నేల సున్నపురాతికి పేరువడినది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో నుండి, 1959లో చాందా జిల్లాలో చేరిన ఈ తాలూకాయందు సున్నపురాయి, బొగ్గు అను రెండింటితో అనేక తెలుగు కుటుంబముల బ్రదుకు ముడివడి యున్నది. సిమెంటు కర్మాగారములలో కాల్చి తీసిన క్లింకరునందు ఏ ఖనిజము ఎంత పాలు ఉన్నదో తెలిసికొనుటకు దానిపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి చూచుట నేడు వాడుకలో నున్న పరీక్ష. జీవకణములందలి మాంసకృత్తుల ఆకృతిని పరమాణువు పరమాణువుగ గుర్తించు శాస్త్రమునకును ఆ పరీక్షకును మూలసూత్ర మొక్కటియే. స్ఫటికములో అణువులు వరుసలు తీరి యుండును. ఆ వరుసలను తాకిన కిరణములు కొన్ని దిక్కులకు మాత్రమే బలముగ చెదరి, చుక్కలు చుక్కలుగ ఫలకముపై పడును. ఆ చుక్కల స్థానములను బట్టి వరుసల ఎడమును, వాని తీవ్రతలను బట్టి లోపలి పరమాణువుల అమరికను లెక్కింపవచ్చును.

అయితే రాతికిని మాంసకృత్తునకును గల అంతరము చిన్నది కాదు. సున్నపురాతిలోని కాల్సైటు స్ఫటికమున మరల మరల వచ్చు మూలకోష్ఠములో 30 పరమాణువులే యుండును. మాంసకృత్తు స్ఫటికపు కోష్ఠములో వేలకొలది యుండును. రాయి గట్టిది, మాంసకృత్తు స్ఫటికమన్ననో ఇంచుమించు సగము నీరే. అది గాలి తగిలిన ఎండి పగులును. కిరణములు సోకిన కొలది చెడును. సుత్తితో కొట్టి నలుగగొట్టిన క్లింకరు తప్పు చెప్పుట అరుదు. మాంసకృత్తు స్ఫటికము మాత్రము సాక్ష్యము చెప్పుచునే చచ్చిపోవుచుండును. కావున ఈ శాస్త్రమున ఫలితము రాబట్టుట యెంత ముఖ్యమో, వచ్చిన ఫలితము నమ్మదగినదా యని పరీక్షించుట అంత ముఖ్యమైనది.

ఈ విషయమును విశదము చేయుటకు దూరపు ఉదాహరణములు అక్కరలేదు. అనంతపురము చేలలో పండి, తెలంగాణమున పల్లీ యని పిలువబడు వేరుసెనగ గింజలో లెక్టిన్ అను మాంసకృత్తు కలదు. ఇది కొన్ని చక్కెరలను గుర్తుపట్టి అంటుకొనును. ఆ చక్కెరలలో ఒకటి అనేక క్యాన్సరు కణముల పైపొరపై బయలుపడు టి-ప్రతిజనకము. కావున దీని నిర్మాణముపై శాస్త్రజ్ఞులకు ఆసక్తి మెండు. బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థలో యం. విజయన్ నాయకత్వమున దీర్ఘకాలము కృషి జరిగి, 1994లో ఈ నిర్మాణము వెలువడినది. ఆ పనిలో పాల్గొన్నవారిలో నాగపూరు విశ్వవిద్యాలయమున చదివిన శేఖర్ మాండే యొకరు.

ఫలితము వింతయైనది. ఈ లెక్టిన్ ఒకే తీరైన నాలుగు ఉపాంగముల కూర్పు. ఒకే తీరువి నాలుగు కలిసినపుడు అవి నాలుగు దిక్కుల సరితూగు సౌష్ఠవముతో కూడియుండుట అంతవరకు బాగుగ తెలిసిన నిర్మాణములలో కనబడిన రీతి. నాలుగు రేకుల పువ్వువలెనో, లేక పరస్పరము లంబముగ నున్న మూడు అక్షములతోనో అమరియుండవలెను. వేరుసెనగ లెక్టిన్‌లో ఈ రెండును లేవు. రెండేసి ఉపాంగములు జంటలైనవి. రెండు జంటలు కలిసినవి. కాని ఆ అక్షములన్నియు కలిసి మూసిన వలయము కాలేదు. ఇట్టి ఫలితము ఎదుట పడినపుడు పరిశోధకునకు మొదట కలుగవలసిన ప్రశ్న ఇది: ఇది ప్రకృతి వింతయా, లేక మన లెక్కలో దోషమా? స్ఫటికము చెడినదా, కొలత తప్పినదా, సౌష్ఠవమును తప్పుగ ఊహించితిమా, నమూనాను తప్పుగ కట్టితిమా, లేక మన అపేక్షయే తప్పా? ఈ ప్రశ్నను ఒక్కొక మెట్టుగ విడదీయుటయే దోషపరీక్ష.

మొదటి మెట్టు కొలతలు. పూర్వము గది వేడిమియందే కొలతలు తీసెడివారు. తరువాత స్ఫటికమును చిన్న ఉచ్చులో పట్టి, సుమారు సున్నకు దిగువ 173 డిగ్రీల చలిలో నుంచి కొలుచు పద్ధతి వ్యాపించినది. చలి వలన కిరణముల దెబ్బ తగ్గును గాని తప్పదు. కొలత సాగినకొలది దూరపు చుక్కలు మాసిపోవును. మాంసకృత్తునందలి గంధకపు బంధములు తెగును. ఆమ్లపు కొసలు రాలును. మొదటి చిత్రమునకును చివరి చిత్రమునకును తీవ్రతల అనుపాతము క్రమముగ పడిపోవుచున్నచో చివరి చిత్రములను వదలివేయుటయే మేలు. వాని నుంచుకొన్నచో చుక్కల సంఖ్య పెరుగును, నిజము తగ్గును. పొదుపరియైన గృహస్థు చెడిన పప్పును మంచి పప్పులో కలిపిన చందమిది.

చలితోపాటు వచ్చు మరియొక పీడ మంచు. స్ఫటికము చుట్టునున్న ద్రవము గాజువలె గడ్డకట్టక మంచుకణములైనచో, 3.90, 3.67, 3.44 ఆంగ్‌స్ట్రాముల చోట వలయములు ఏర్పడును. ఆంగ్‌స్ట్రాము అనగా సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఆ వలయములపై పడిన చుక్కల తీవ్రతలు అక్రమముగ పెరుగును. సంస్కరణము సాగక నిలిచిపోయినపుడు విభేదన పరిధిని చిన్న చిన్న పొరలుగ విభజించి చూచిన, ఈ మూడు పొరలలోనే పొత్తు చెడియుండుట కనబడును. అట్లు కనబడినచో దోషము నమూనాలో వెదకుట వృథా. ద్రవమున గ్లిసరాలు పాలు మార్చి క్రొత్త స్ఫటికమును పట్టవలెను, లేదా ఆ పొరలను తొలగించి లెక్క చూడవలెను.

అతి ప్రకాశముగల చుక్కలు గ్రాహకమును నింపి పొర్లిపోవుట, స్ఫటికపు ఒక వైపు కొలువబడకుండుట కూడ తరచు జరుగును. వీని లోపము ఒక చోట గాక పటమంతట వ్యాపించును. సమీపపు ప్రబలమైన చుక్కలు లేకపోయిన, పటమున అణువు సరిహద్దే చెరగిపోవును. నూటికి తొంబదియైదు చుక్కలు కొలిచితిమని తృప్తిపడుట తగదు. పోయిన అయిదు ఎక్కడ పోయినవో చూడవలెను.

కొలతల నాణ్యమును ఒక్క అంకెలో చెప్పవలెనను ఆశ చాలకాలము శాస్త్రజ్ఞులను తప్పుదారి పట్టించినది. ఒకే చుక్కను పలుమారులు కొలిచినపుడు కొలతల నడుమ వచ్చు భేదమును శాతముగ చెప్పు సమ్మేళన ఆర్ విలువ అట్టిది. దానికొక విచిత్రమైన లోపము కలదు. ఒక చుక్కను రెండుమారులు కొలిచినదానికంటె ఇరువదిమారులు కొలిచిన సగటు ఎక్కువ నిజమని అందరును ఒప్పుకొందురు. కాని ఆ అంకె మాత్రము కొలతలు పెరిగినకొలది హెచ్చి, మంచి పనిని చెడ్డ పనిగ చూపును. 1997లో డీడెరిక్స్, కార్‌ప్లస్ అనువారు దీనిని సవరించు మార్గము చూపిరి. వారే 2012లో మరియొక కొలబద్దను ప్రతిపాదించిరి. కొలతలను చీట్లు తీసినట్లు రెండు సగములుగ పంచి, రెండు సగటుల నడుమగల సహసంబంధమును చూడవలెనని దాని సారాంశము. ఈ కొలబద్ద ప్రకారము, బలహీనమని పారవేయుచు వచ్చిన దూరపు చుక్కలలో కూడ ఉపయోగపడు సమాచార మున్నదని తేలినది.

రెండవ మెట్టు సౌష్ఠవము. ఇచ్చటనే అనుభవజ్ఞులు కూడ మోసపోవుదురు. చుక్కల అమరికను చూచి స్ఫటికపు సౌష్ఠవమును నిర్ణయింతుము. ఉన్నదానికంటె ఎక్కువ సౌష్ఠవము ఊహించినచో, నిజముగ వేరైన చుక్కలను ఒకటిగ కలిపివేసిన వారమగుదుము. పిదప ఎంత సంస్కరించినను ఆర్ విలువ దిగదు. తక్కువ ఊహించినచో పని పెరుగును, కొలతలు చాలవు, కాని నిజము పూర్తిగ నశింపదు. కావున సందేహము కలిగినపుడు అతి తక్కువ సౌష్ఠవముతో తిరిగి లెక్కగట్టి, సమానములు కావలసిన చుక్కలు నిజముగ సమానములేనా యని జతజతగ చూచుట క్షేమము.

అంతకంటె మాయావి యమళ స్ఫటికము. కంటికి ఒకటిగ కనబడు స్ఫటికమున రెండు భాగము లుండి, ఒకటి మరియొకదానికి తిరుగబడి యుండును. వాని చుక్కలు ఒకదానిపై నొకటి సరిగ కూర్చుండును. చూచుటకు చిత్రము నిర్మలముగ నుండును. కొలతలు చక్కగ పొత్తు కుదురును. సౌష్ఠవము హెచ్చుగ కూడ కనబడును. కాని ప్రతి చుక్క తీవ్రతయు రెండు వేర్వేరు తీవ్రతల మిశ్రమము. దీనిని పట్టుకొను ఉపాయము తీవ్రతల గణాంకములలో నున్నది. ఏ.జె.సి. విల్సన్ 1949లో చూపిన ప్రకారము, మాంసకృత్తుల వంటి స్ఫటికమున తీవ్రతల వర్గముల సగటును, సగటు తీవ్రతయొక్క వర్గముతో భాగించిన 2 రావలెను. రెండు భాగములు సరిసమానమైన యమళ స్ఫటికమున అది 1.5కు దిగును. కారణము సులభము. వేన్నీళ్ళు, చన్నీళ్ళు కలిపిన గోరువెచ్చ యగునట్లు, సంబంధములేని రెండు తీవ్రతలను కలిపినపుడు అతి బలమైనవియు అతి బలహీనమైనవియు రెండును తగ్గి, అన్నియు నడిమికి చేరును. చుక్కలలో అతి బలహీనములు అరుదుగ కనబడుచున్నవన్న అది సంతోషింపవలసిన విషయము కాదు, అనుమానింపవలసిన విషయము. 2003లో పడిల్లా, యేట్స్ అనువారు ఇరుగుపొరుగు చుక్కల జతలను పోల్చు పరీక్షను కనిపెట్టిరి. ఒకే అణువు కొలది జరుగుటతో రెండుమారులు కోష్ఠములో నిలిచియున్నపుడు విల్సన్ సంఖ్య 2కు పైకి పోయి యమళత్వమును కప్పిపుచ్చును. అట్టి చోట గూడ ఈ పరీక్ష మోసపోవుట తక్కువ.

యమళత్వము తెలిసినచో మార్గములు కలవు. వేరొక స్ఫటికము దొరికిన అది ఉత్తమము. దొరకనిచో రెండు భాగముల పాళ్ళను నమూనాతోపాటు సంస్కరింపవచ్చును. ఐతే అట్లు చేసినపుడు వచ్చు ఆర్ విలువ సహజముగనే తక్కువగ కనబడును. మామూలు స్ఫటికపు ఆర్ విలువతో దానిని పోల్చి గర్వించుట పొరపాటు.

ఇక మూడవ మెట్టు దశ. ఫలకము తీవ్రతను చెప్పును గాని, తరంగము ఏ దశలో వచ్చి చేరినదో చెప్పదు. దశ లేక పటము లేదు. 1954లో కేంబ్రిడ్జిలో పెరూట్జ్ బృందమువారు హీమోగ్లోబిన్ స్ఫటికములో పాదరసమువంటి బరువైన పరమాణువును జొప్పించి, రెండు స్ఫటికముల తీవ్రతల భేదమును బట్టి దశను తీయవచ్చునని చూపిరి. వేరుసెనగ లెక్టిన్‌ను సాధించినది కూడ ఈ పద్ధతిచేతనే. బరువు పరమాణువులు ఎక్స్ కిరణములను అసాధారణముగ చెదరించునపుడు, ఎదురెదురు చుక్కలలో కలుగు స్వల్పభేదము సైతము దశను చెప్పును. ఈ మార్గమున మదరాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, యస్. రామన్ 1956లో చేసిన కృషి గణనీయమైనది.

ఈ స్వల్పభేదము ధనమా ఋణమా అనుట యెంత ప్రాణప్రదమో 2006లో లోకమునకు తెలిసినది. అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో జెఫ్రీ చాంగ్ బృందము 2001 నుండి కణపు పొరలో నుండి మందులను బయటికి నెట్టివేయు మాంసకృత్తుల నిర్మాణములను ప్రకటించుచు వచ్చెను. మందులకు లొంగని సూక్ష్మజీవుల రహస్య మచ్చట నున్నదని వానికి గొప్ప గౌరవము దక్కినది. 2006లో స్విట్జర్లండులో డాసన్, లోకర్ అనువారు అదే కుటుంబములోని మరియొక మాంసకృత్తును సాధింపగా, రెండింటికిని పొంతన కుదరలేదు. వెదకి చూడగా, ఆ బృందము వాడుచున్న తమ సొంత గణన కార్యక్రమమున ఎదురెదురు చుక్కల రెండు నిలువుపట్టీలు తారుమారైనట్లు తేలెను. ధనము ఋణమైనది, ఋణము ధనమైనది. దానితో పటమంతయు అద్దములోని ప్రతిబింబమైనది. 2006 డిసెంబరులో అయిదు వ్యాసములు ఉపసంహరింపబడెను.

ఇచ్చట గమనింపవలసినది తప్పుకంటె, తప్పు అయిదేండ్లు నిలిచియుండిన తీరు. మాంసకృత్తు సర్పిలములు ప్రకృతిలో కుడివాటముగ చుట్టుకొని యుండును. పటము అద్దపు ప్రతిబింబమైనచో అవి ఎడమవాటముగ కనబడి తీరవలెను. కాని మొదటి నిర్మాణపు విభేదనము 4.5 ఆంగ్‌స్ట్రాములు. అంత మసక పటమున సర్పిలము ఒక కడ్డీవలె కనబడును గాని దాని చుట్టుదనము కనబడదు. కొలతలలో దోషము లేదు. స్ఫటికములో దోషము లేదు. ఒక పట్టీలో గుర్తు మారినది, అంతే. ఆ కాలమున వేరు ప్రయోగములచేత ఈ నిర్మాణమునకు విరుద్ధమైన ఫలితములు పొందినవారు లేకపోలేదు. వారి ఫలితములే అనుమానమునకు పాలయ్యెను. స్ఫటికశాస్త్రమునకు జీవరసాయనమున గల పరువు ఆ సందర్భమున న్యాయమునకు అడ్డువచ్చినదని చెప్పక తప్పదు.

నాలుగవ మెట్టు సంస్కరణము. దశ దొరకి పటము వచ్చిన పిదప దానిలో నమూనాను కట్టి, ఆ నమూనా నుండి రావలసిన తీవ్రతలను లెక్కించి, కొలిచిన తీవ్రతలతో పోల్చి, భేదము తగ్గునట్లు పరమాణువులను కొద్దికొద్దిగ జరుపుదురు. ఆ భేదపు శాతమే ఆర్ విలువ. వేరుసెనగ లెక్టిన్‌కు 1994లో 2.95 ఆంగ్‌స్ట్రాముల వరకు 22,155 చుక్కలతో ఇది 21.8 శాతముగ వచ్చినది. ఈ అంకెలను ఒకమారు తూచి చూడవలెను. నాలుగు ఉపాంగములలో ఉదజనిని వదలినను సుమారు 7 వేల పరమాణువు లుండును. ఒక్కొకదానికి పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు స్థానాంకములు. అనగా తెలియని రాశులు 21 వేలు. ప్రతి పరమాణువు ఎంత కంపించుచున్నదో చెప్పు గుణకమును కూడ చేర్చిన 28 వేలు. కొలతలు 22 వేలు, అడుగవలసిన ప్రశ్నలు 28 వేలు! పాఠశాలలో సమకాలిక సమీకరణములు సాధించిన విద్యార్థి కూడ ఇది కుదరదని చెప్పగలడు.

కుదురుటకు కారణము, మనకు ముందుగనే తెలిసిన రసాయన నియమములు. కర్బన నత్రజని బంధపు పొడవెంతయో, కోణమెంతయో చిన్న అణువుల స్ఫటికముల వలన తెలియును. 1991లో ఎంగ్, హ్యూబర్ వానిని క్రోడీకరించిరి. ఆ నియమములను అదనపు కొలతలుగ సంస్కరణమున జేర్తురు. నాలుగు ఉపాంగములు ఒకే తీరుగ నుండవలెనను నిర్బంధము మరికొంత సాయపడును. ఈ రెండింటి బరువు చాలనిచో నమూనా వికృతమైనను ఆర్ విలువ దిగిపోవును. బరువు హెచ్చినచో నమూనా పుస్తకములోని బొమ్మవలె అందముగ నుండి, స్ఫటికము చెప్పిన మాట వినదు.

ఆర్ విలువను ఎట్లైనను దింపవచ్చునను సంగతి 1980 దశకపు చివర కొన్ని నిర్మాణములు తప్పని తేలినపుడు బయటపడినది. 1990లో బ్రాండెన్, జోన్స్ అనువారు ఈ విషయమును బహిరంగముగ చర్చకు పెట్టిరి. 1992లో ఆక్సెల్ బ్రూంగర్ దీనికొక చిటుకు కనిపెట్టెను. చుక్కలలో నూటికి అయిదో పదియో మొదటనే చీట్లు తీసి ప్రక్కకు పెట్టవలెను. సంస్కరణమున వానిని తాకరాదు. చివర నమూనా ఆ చుక్కలను ఎంత సరిగ చెప్పుచున్నదో చూడవలెను. దీనిని స్వేచ్ఛా ఆర్ అందురు. ప్రశ్నపత్రము ముందుగ చూచిన విద్యార్థికి ఆ ప్రశ్నలలో మార్కులు వచ్చుట గొప్ప కాదు. చూడని ప్రశ్నలలో వచ్చిన మార్కులే మార్కులు. 1995లో క్లైవెగ్ట్, జోన్స్ ఒక మాంసకృత్తు గొలుసును కావలెననియే తలక్రిందులుగ, చివరి నుండి మొదటికి పటములో కట్టి సంస్కరించి చూపిరి. మామూలు ఆర్ విలువ ప్రకటింపదగినంత చక్కగ దిగివచ్చెను. స్వేచ్ఛా ఆర్ మాత్రము కదలలేదు. పరమాణువులను యాదృచ్ఛికముగ చల్లినను వచ్చు విలువ 59 శాతమని విల్సన్ 1950లోనే లెక్కగట్టి యుండెను. ఆ తలక్రిందుల నమూనా స్వేచ్ఛా ఆర్ ఆ పరిసరములయందే నిలిచెను.

స్వేచ్ఛా ఆర్‌ను సైతము మోసగింపవచ్చును, తెలియకయే. యమళ స్ఫటికమునను, ఉపాంగములు అనేకములుగల స్ఫటికమునను ఒక చుక్కకు మరియొక చుక్కతో చుట్టరిక ముండును. చుట్టములలో నొకరిని పరీక్షకును మరియొకరిని పాఠమునకును పంపినచో రహస్యము దాగదు. అట్టి సందర్భములలో చుట్టములనందరిని ఒకే ప్రక్కకు చేర్చవలెను. ఒక కార్యక్రమము నుండి మరియొక కార్యక్రమమునకు పని మార్చునపుడు చీట్లు తిరిగి తీయుట మరియొక సాధారణ దోషము. నిన్నటి పాఠపు చుక్క నేటి పరీక్షాచుక్క యగును. ఆర్ విలువయు స్వేచ్ఛా ఆరును అకస్మాత్తుగ దగ్గరపడినచో సంతోషమునకు ముందు ఈ సంగతి విచారింపవలెను.

పటమే నమూనాను సమర్థించుచున్నదని చెప్పుటయందు కూడ ఒక చిక్కు కలదు. దశలు నమూనా నుండియే వచ్చునపుడు పటము నమూనాను ప్రతిధ్వనించును. లోయలో అరచినవాడు వినిన కేక తనదే. కావున సందేహాస్పదమైన భాగమును నమూనా నుండి తీసివేసి, కొంత సంస్కరించి, ఆ చోట పటములో అది తిరిగి వచ్చునా యని చూడవలెను. ముఖ్యముగ మాంసకృత్తునకు మందు అంటుకొన్నదని చెప్పునపుడు ఈ పరీక్ష లేక చెప్పరాదు. అంటుకొన్న దనుకొన్న మందు అణువు కంపన గుణకము చుట్టుపట్ల పరమాణువుల గుణకమునకు రెండు మూడింతలున్నచో, అచ్చట మందునకు బదులు నీటి అణువులే యుండవచ్చును.

సంస్కరణమున పాల్గొనని సాక్షి మరియొకటి మదరాసు నుండి వచ్చినది. 1963లో రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ మాంసకృత్తు వెన్నెముకలో ప్రతి కణుపు వద్దను రెండు మడతల కోణములు ఎట్టి విలువలను పొందవచ్చునో లెక్కించి పటము వ్రాసిరి. పరమాణువులు ఒకదానినొకటి ఢీకొనని చోట్లు మాత్రమే అనుమతములు. ఆ దినములలో మయోగ్లోబిన్ మొదలైన ఒకటి రెండు నిర్మాణములే తెలియును. నేడు రెండు లక్షలకు పైగ తెలిసినను ఆ పటము చెదరలేదు. సాధారణముగ సంస్కరణము ఈ కోణములను నిర్బంధింపదు గనుక, కణుపులలో నూటికి తొంబదియెనిమిది అనుమతములలో పడిన అది నిష్పక్షపాతమైన సాక్ష్యము. ఈ మధ్య కొన్ని కార్యక్రమములు మసక పటములలో ఈ కోణములను కూడ నిర్బంధించుచున్నవి. అట్లు చేసిన పిదప ఆ పటమును చూపి నమూనా మంచిదనుట, సాక్షికి మాటలు నేర్పి తెచ్చుటయే.

ఇంత విచారించిన పిమ్మటను వింత వింతగనే నిలిచినచో, అప్పుడది ప్రకృతి మాట యని నమ్మవలెను. వేరుసెనగ లెక్టిన్ విషయమున అట్లే జరిగినది. దశలు బరువు పరమాణువుల నుండి స్వతంత్రముగ వచ్చినవి; నాలుగు ఉపాంగములును కోష్ఠములో వేర్వేరుగ కనబడినవి, సౌష్ఠవమును ఊహించి పెట్టినవి కావు; 1996లో లాక్టోజు చక్కెరతో కూడిన నిర్మాణమును 2.25 ఆంగ్‌స్ట్రాముల వరకు సంస్కరించినపుడు ఆ విపరీతపు కూర్పే మరింత స్పష్టముగ కనబడినది.

హైదరాబాదునందును ఇట్టి సందర్భములు కలవు. డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగు, డయాగ్నస్టిక్సు కేంద్రమున శేఖర్ మాండే, ఆయన శిష్యులు క్షయరోగపు సూక్ష్మజీవియందలి షాపరోనిన్ 60.2 అను మాంసకృత్తును 2004లో 3.2 ఆంగ్‌స్ట్రాముల విభేదనముతో సాధించిరి. ఇతర మాంసకృత్తులు సరిగ మడుచుకొనుటకు తోడ్పడు దీని సోదరి ఇ. కోలై సూక్ష్మజీవిలో ఏడేసి ఉపాంగముల రెండు వలయములుగ, మొత్తము పదునాలుగుగ నుండును. క్షయజీవిదాని స్ఫటికములో రెండే కనబడినవి. 3.2 ఆంగ్‌స్ట్రాముల పటమున ప్రక్కకొమ్మలు స్పష్టముగ కనబడవు గనుక, ఈ ఫలితమును స్ఫటికమునకే వదలివేయలేదు. ద్రవములో కరిగియున్నపుడు కూడ ఇవి పెద్ద వలయములుగ గాక చిన్న కూటములుగనే యున్నవని వారు వేరు ప్రయోగములచేత చూపిరి. మసక పటము చెప్పిన మాటకు స్ఫటికము వెలుపలి సాక్షి దొరకెను. క్షయకు మందు వెదకువారికి ఈ సంగతి వట్టి పాండిత్యము కాదు. పదునాలుగు ఉపాంగముల వలయమును గురిపెట్టి మందు కల్పించినవాడు లేని కోటకు నిచ్చెన వేసినవాడగును.

అదే నగరమున కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో రాజన్ శంకరనారాయణన్ బృందము 2013లో మరియొక రీతి వింతను చూపినది. మాంసకృత్తుల నిర్మాణమున ఎడమవాటపు అమైనో ఆమ్లములే వాడబడును. కుడివాటపువి పొరపాటున వచ్చి చేరినచో వానిని ఏరి పారవేయు ఎంజైము ఒకటి కలదు. అది రెంటిని ఎట్లు గుర్తించును? దానియందు గ్లైసీను, ప్రోలీను అను రెండు ఆమ్లముల నడిమి బంధము సిస్ రీతిలో, అనగా అరుదైన వంకర రీతిలో నున్నది. మామూలుగ ఇట్టి బంధము నమూనాలో కనబడినచో పరీక్షా కార్యక్రమము అచ్చట వ్రేలు చూపి అనుమానించును. తొందరపాటు కలవాడు దానిని సరిచేసి తిన్నగ వంచును. ఇచ్చట పటము స్పష్టమైనది, ఆ వంకర నిజమైనది. ఎంజైము తన పని చేయుటకు ఆ వంకరయే ఆధారమని తేలినది. దోషముల పట్టికలోని ప్రతి గుర్తును చెరుపుట సంస్కర్త ధర్మము కాదు. పటమును చూచి ప్రతి గుర్తునకు సమాధానము చెప్పుట ధర్మము.

బుద్ధిపూర్వకమైన మోసమును గూర్చి కొద్దిగ చెప్పిన చాలును. 2006లో ప్రకటితమైన ఒక రక్తపు మాంసకృత్తు నిర్మాణము విషయమున మరుసటి యేడే ఇతరులు ఆక్షేపణ తెలిపిరి. ఆ స్ఫటికమున అణువుల పొరలు ఒకదానినొకటి తాకుటయే లేదు. పొరలు గాలిలో వ్రేలాడుచున్న ట్లున్నవి. సగము నీరు గల స్ఫటికమున ఆ నీటి గుర్తు కొలతలలో ఎక్కడను లేదు. 2009లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయపు బర్మింగ్‌హాం విచారణ సంఘము అదియు, అదే చోటి మరికొన్నియు కల్పితములని అభిప్రాయపడెను. ఈ మోసము పట్టుబడుటకు కారణము కొలతలు నమూనాతోపాటు నిక్షేపింపబడి యుండుట. 1971లో ఏడు నిర్మాణములతో బ్రూక్‌హేవెన్‌లో ఆరంభమైన మాంసకృత్తుల నిక్షేపము, 2008 ఫిబ్రవరి నుండి కొలతలు లేని నమూనాలను స్వీకరించుట మానెను. నేడు ప్రతి నిర్మాణముతోపాటు దాని పరీక్షాపత్రమును ఎవరైనను ఉచితముగ పొందవచ్చును. చంద్రపూరు కళాశాలలో చదువు విద్యార్థికి కూడ తాను పుస్తకములో చూచిన బొమ్మ ఎంత విభేదనముతో వచ్చినదో, దాని స్వేచ్ఛా ఆర్ ఎంతయో, ఏయే కణుపుల వద్ద పటము మౌనము వహించినదో తెలిసికొనుటకు అడ్డు లేదు.

సాధనములు పెరిగినవి. ఇండోరులోని ఇండస్-2 యంత్రమున మాంసకృత్తు స్ఫటికముల కొరకు ప్రత్యేకమైన కిరణమార్గము కలదు. 2021 నుండి ఆల్ఫాఫోల్డ్ అను గణనపద్ధతి, స్ఫటికము లేకయే అమైనో ఆమ్లముల వరుసను బట్టి ఆకృతిని ఊహించి చెప్పుచున్నది. ఈ ఊహలు దశలు తీయుటకు ఎంతయు ఉపయోగపడుచున్నవి. బరువు పరమాణువుల కొరకు ఏండ్లతరబడి పడిన పాట్లు చాలవరకు తప్పినవి. అయితే దశలు ఊహ నుండి వచ్చునపుడు పటము ఊహనే ప్రతిధ్వనించు చిక్కు పూర్వముకంటె హెచ్చినది. ఆ పద్ధతి తానే ప్రతి కణుపు వద్ద తన నమ్మిక యెంతయో అంకెతో చెప్పును. నమ్మిక తక్కువైన భాగములను మొదటనే తీసివేసి, మిగిలినదానితో దశలు తీసి, తీసివేసిన భాగములు పటమున తమంతట తాము లేచివచ్చిన పిదపనే వానిని తిరిగి కట్టుట నేడు పరిశోధనశాలలలో అనుసరింపబడుచున్న క్రమము.